వంటింటి పాటతో క్యుబెక్‌ను గెలిచిన లా బోల్డ్యూక్

కెనడాలో ఫ్రెంచ్ పాట అనగానే మనవాళ్లకు ముందుగా గుర్తొచ్చే పేరు సెలీన్ డియాన్. మా మాంట్రియల్ పరిసరాల్లో పుట్టి ప్రపంచమంతా తిరిగిన గొంతు అది. అయితే ఆవిడ పుట్టడానికి దాదాపు 40 ఏళ్ల ముందే ఇదే ఊళ్లో ఇంకో ఆవిడ పాట ఇంటింటా మోగింది. ఆవిడకు బడి చదువు అంతంతమాత్రం. స్వరలిపి చదవడం రాదు. పిల్లల్ని సాకుతూ, బట్టలు కుట్టుకుంటూ, పొయ్యి దగ్గర నిలబడి పాటలు కట్టుకున్న ఇల్లాలు. మాట తనదే, పాడే గొంతూ తనదే, చేతిలో ఫిడేలూ తనదే. మన భాషలో చెప్పాలంటే అచ్చమైన వాగ్గేయకారిణి. కెనడాలో తన పాట తానే రాసుకుని పాడి పేరు తెచ్చుకున్నవాళ్లలో మొదటి వ్యక్తిగా ఆవిడనే చెబుతారు.

ఆవిడ అసలు పేరు మేరీ రోజ్ ఆనా ట్రావర్స్. జనం పిలుచుకున్న పేరు లా బోల్డ్యూక్.

నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో ప్రభుత్వం నడిపే ఫ్రెంచ్ తరగతికి వెళ్లేవాణ్ని. అక్కడ టీచరమ్మ ఒకరోజు పాఠం ఆపి, గరగరలాడే పాత రికార్డు ఒకటి వినిపించింది. మాటలు సగం కూడా అర్థం కాలేదు. కానీ చరణం అయిపోగానే ఆ గొంతు అర్థంలేని అక్షరాలతో గుర్రంలా పరుగెత్తడం మొదలుపెట్టింది. మా ఊళ్లో బుర్రకథ చెప్పేవాళ్లు తందాన తాన అందుకున్నప్పుడు ఒంట్లో పుట్టే హుషారు అచ్చంగా అదే. ఆ రోజు నుంచి ఆవిడ గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను. మన కుటుంబాలు తెలుసుకోవలసిన కథ అనిపించింది.

చేపల ఊళ్లో ఫిడేలు

క్యుబెక్ రాష్ట్రం తూర్పు కొసన సముద్రంలోకి చొచ్చుకుపోయిన ద్వీపకల్పం పేరు గాస్పే. వేసవి సెలవుల్లో మనవాళ్లు చాలామంది పెర్సే దగ్గర నీళ్లలో నిలబడి ఉన్న పెద్ద కొండరాయిని చూడటానికి కార్లేసుకుని వెళ్తుంటారు. ఆ తీరంలోనే న్యూపోర్ట్ అనే చిన్న ఊరుంది. 1894 జూన్ 4న మేరీ అక్కడ పుట్టింది. తండ్రి లారెన్స్ ట్రావర్స్ ఐర్లండ్ మూలాలున్న ఇంగ్లిష్ మాట్లాడే మనిషి. తల్లి అడెలిన్ సిర్ ఫ్రెంచ్ ఆవిడ. ఇంట్లో రెండు భాషలూ నడిచేవి. తండ్రి మొదటి పెళ్లి సంతానంతో కలిపి ఇంటినిండా పిల్లలు. చేతినిండా డబ్బు మాత్రం ఎప్పుడూ లేదు.

ఆ తీరంలో బతుకు అంటే కాడ్ చేప. పట్టడం, చీల్చడం, ఉప్పు వేసి ఎండబెట్టడం. జెర్సీ దీవి నుంచి వచ్చిన రాబిన్ కంపెనీ లాంటి వ్యాపారులు తరాల తరబడి ఆ చేపను కొనేవారు. డబ్బు చేతికిచ్చేవారు కాదు. కంపెనీ కొట్టులో సరుకులు తీసుకోవాలి, పద్దులో అప్పు రాసుకోవాలి. ఏడాది చివర లెక్క చూస్తే జాలరి ఇంకా బాకీయే ఉండేవాడు. మన కోస్తాలో దళారీ దగ్గర అప్పు తెచ్చి వల కొనుక్కున్న కుటుంబాలకు ఈ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇక చలికాలంలో అడవి. మగవాళ్లు కలప కొట్టే శిబిరాలకు వెళ్లేవారు. మేరీ కూడా తండ్రితో పాటు వెళ్లి కూలీలకు వండిపెట్టింది. రాత్రి పని అయ్యాక తండ్రీ కూతుళ్లు ఫిడేలు తీస్తే శిబిరమంతా చిందులే. ఆమెకు సంగీత గురువు అంటూ ఉంటే అది తండ్రే. ఫిడేలు, అకార్డియన్, మౌతార్గాన్, మోర్సింగ్, చివరికి వంటింటి చెంచాలు కూడా ఆమె చేతిలో వాద్యాలే. మన కచేరీల్లో వినే మోర్సింగ్ లాంటిదే అక్కడి జాలర్ల జేబుల్లోనూ ఉండేదంటే మొదట నాకు ఆశ్చర్యమేసింది. ఇంట్లో గ్రామఫోన్ లేదు, పాటల పుస్తకం లేదు. విన్నది విన్నట్టు బుర్రలో నిలుపుకోవడమే చదువు. ఐరిష్ నాట్యపు బాణీలు, ఫ్రెంచ్ పల్లె పాటలు అలా కలగలిసి ఆమె గొంతులో చేరాయి.

పదమూడేళ్ల పనిపిల్ల

1908లో, పదమూడేళ్ల వయసులో, మేరీ రైలెక్కి మాంట్రియల్ వచ్చింది. దాదాపు 900 కిలోమీటర్ల దూరం. అక్కడ ఆమె సవతి అక్క అప్పటికే ఒక ఇంట్లో పనిచేస్తోంది. మేరీ కూడా డబ్బున్నవాళ్ల ఇళ్లలో పనిమనిషిగా కుదిరింది. తర్వాత బట్టల మిల్లులో చేరింది. తెల్లవారి లేచింది మొదలు రాత్రి దాకా పని. సంపాదించిన దాంట్లోంచి ఊరికి పంపడం. పద్నాలుగు పదిహేనేళ్ల పిల్ల ఒంటరిగా పెద్ద పట్నంలో, తనది కాని ఇంట్లో, పరాయి పిల్లల బట్టలు ఉతుకుతూ గడిపిన ఆ ఏళ్లను ఆవిడ తర్వాత మరిచిపోలేదు. పనివాళ్లు, వంటమనుషులు, తిరుగుడు వ్యాపారులు ఆవిడ పాటల్లో అంత సజీవంగా ఉండటానికి కారణం అదే.

1914 ఆగస్టు 17న ఎడ్వార్ బోల్డ్యూక్ అనే కార్మికుణ్ని పెళ్లాడింది. మొదటి ప్రపంచ యుద్ధం మొదలై అప్పటికి రెండు వారాలు. మరుసటి ఏడాది పెద్ద కూతురు డెనీజ్ పుట్టింది. ఆ తర్వాత వరసగా కాన్పులు. మొత్తం పదికి పైగానే. పెరిగి పెద్దయిన పిల్లలు మాత్రం కొద్దిమందే. ఆ రోజుల మాంట్రియల్‌లో కార్మికుల పేటల్లో పసిపిల్లల మరణాలు చాలా ఎక్కువ. ఇరుకు ఇళ్లు, చెడ్డ పాలు, మురుగు, జబ్బులు. తెల్లటి చిన్న శవపేటికలు వీధిలో వెళ్లడం అక్కడివాళ్లకు అలవాటైన దృశ్యం. నవ్వించే పాటలతో పేరు తెచ్చుకున్న మనిషి వెనక ఇంత దుఃఖం ఉందని తెలిశాక ఆ పాటలు నాకు వేరుగా వినిపించాయి.

పనికోసం 1921లో ఆ కుటుంబం సరిహద్దు దాటి అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వెళ్లింది. ఆ కాలంలో ఇది మామూలే. 1840 నుంచి 1930 దాకా దాదాపు 9 లక్షల మంది ఫ్రెంచ్ కెనడియన్లు న్యూ ఇంగ్లండ్ మిల్లులకూ ఊళ్లకూ వలసపోయారని లెక్క. కొందరు నిలదొక్కుకున్నారు. బోల్డ్యూక్ దంపతులకు మాత్రం అక్కడ కుదరలేదు. ఏడాది తిరిగేలోగా పెట్టేబేడా సర్దుకుని మళ్లీ మాంట్రియల్ చేరారు. డాలర్ల దేశం వెళ్లి ఉత్త చేతులతో తిరిగి రావడం ఎంత బరువో మన దగ్గర చాలామందికి తెలుసు. ఆ ఇంగ్లిష్ ఊళ్లో పొట్ట చేత పట్టుకుని తిరిగిన సంగతి గుర్తుంచుకోండి. తర్వాత దాని గురించి మాట్లాడుకోవాలి.

శనివారం రాత్రులు

ఇల్లు చిన్నదే అయినా బోల్డ్యూక్ గారింట్లో వారాంతాల్లో సందడి ఉండేది. గాస్పే నుంచి వచ్చి పట్నంలో చెదిరిపోయిన వాళ్లంతా అక్కడ చేరేవారు. బల్లలు పక్కకి జరిపి వంటింట్లోనే నాట్యం. ఒకరు చెంచాలు, ఒకరు మౌతార్గాన్, మేరీ చేతిలో ఫిడేలు. బ్రాసార్‌లోనో మిసిసాగాలోనో మన ఇళ్లల్లో శనివారం రాత్రి పులిహోరా పప్పుచారూ గిన్నెలతో చేరి, పెద్దవాళ్లు ఘంటసాల పాటలు అందుకునే సంబరం లాంటిదే. సొంత ఊరిని వెంట తెచ్చుకోవడానికి వలస వచ్చినవాళ్లు ఎక్కడైనా చేసే పని ఇదే కదా.

ఆ సందడిలోంచే ఆమె బతుకు మలుపు తిరిగింది. మాంట్రియల్ సెయింట్ లారెంట్ వీధిలో మోన్యుమెంట్ నాసియొనాల్ అనే నాటకశాల ఉంది. 1893లో కట్టింది, ఇప్పటికీ ఉంది. అక్కడ 1920లలో కోన్రాడ్ గోతియే అనే ఆయన పాతకాలపు పల్లె వేడుకలను గుర్తుచేసే కార్యక్రమాలు నడిపేవాడు. ఫిడేలు వాయించేవాడు రాని రోజున ఎవరో మేరీ పేరు చెప్పారు. ఇంట్లో డబ్బుకు ఇబ్బందిగా ఉన్న రోజులు. ఆమె వెళ్లి వాయించింది. మళ్లీ పిలిచారు. తర్వాత పాడమన్నారు. జనం లేచి నిలబడి మళ్లీ మళ్లీ పాడించుకున్నారు.

అదే వేదికల మీద పాడే ఓవిలా లెగారే అనే గాయకుడు ఆమెను స్టార్ రికార్డుల సంస్థలో ఫ్రెంచ్ విభాగం చూసే రోమియో బోద్రీ దగ్గరికి పంపాడు. ఆ రికార్డులు మాంట్రియల్‌ను ఆనుకుని ఉన్న లషీన్‌లో కాంపో కంపెనీ ఫ్యాక్టరీలో తయారయ్యేవి. గ్రామఫోన్ కనిపెట్టిన ఎమీల్ బెర్లినర్ కొడుకు హెర్బర్ట్ పెట్టిన కంపెనీ అది. నాలుగు ప్లేట్లకు ఒప్పందం కుదిరింది. ఒక్కో వైపుకు 25 డాలర్లు.

1929 ఏప్రిల్‌లో మొదటి ప్లేటు వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. తర్వాతివీ అంతంతమాత్రమే. ఇక ఆపేద్దామన్న దశలో ఆ ఏడాది చివర్లో వచ్చిన లా క్విజినియేర్ అనే పాట అనుకోకుండా అంటుకుంది. ఆ పేరుకు వంటమనిషి అని అర్థం. ఇంటి పనిమనిషి వెంట పడే మగవాళ్ల మీద గిలిగింతలు పెట్టే పాట. పదమూడేళ్లకే పరాయి వంటింట్లో నిలబడిన మనిషి కట్టిన పాట. ఒక్క క్యుబెక్‌లోనే 12 వేల ప్లేట్లు అమ్ముడుపోయాయి. ఆ రోజుల్లో ఫ్రెంచ్ కెనడాలో కనీవినీ ఎరగని సంఖ్య అది. మన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద రావడానికి ఇంకా రెండేళ్లు పైనే ఉంది.

ప్లేటు మీద పేరు మాత్రం మదాం ఎడ్వార్ బోల్డ్యూక్ అని వేశారు. ఆమె సొంత పేరు ఎక్కడా లేదు. అప్పటి క్యుబెక్ చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీ చాలా విషయాల్లో మైనరుతో సమానం. భర్త అనుమతి లేకుండా ఒప్పందాలు చేసుకోవడానికి లేదు. ఆ పరిస్థితి 1964 దాకా మారలేదు. రాష్ట్ర ఎన్నికల్లో ఆడవాళ్లకు ఓటు హక్కు వచ్చింది 1940లో. ఇంటిని పోషించేది ఆమె సంపాదన, పేరు ఆయనది. జనం మాత్రం ఆ మర్యాదల జోలికి పోలేదు. ముద్దుగా లా బోల్డ్యూక్ అన్నారు. మనవాళ్లు ఫిడేలు నాయుడుగారు అన్నట్టు, ఇంటిపేరుకే ఒక వెలుగు వచ్చింది.

నాలుకే వాద్యం

ఆవిడ పాటకు గుర్తు త్యుర్లుత్. చరణాల మధ్య నాలుకను అంగిలికి కొడుతూ, పెదవులు ఆడిస్తూ, అర్థంలేని అక్షరాలను నాట్యపు నడకలో వేగంగా పలకడం. ఐర్లండ్, స్కాట్లండ్ పల్లెల్లోనూ ఇలాంటి నోటి సంగీతం ఉంది. వాయించే ఫిడేలు దగ్గర లేనప్పుడు నాట్యం ఆగకూడదు కాబట్టి నోటితోనే ఫిడేలు వాయించడం అన్నమాట. మనకు తందనాలు ఉన్నాయి, కచేరీల్లో కొన్నకోల్ ఉంది, జోలపాటలో లాలలు ఉన్నాయి. మాట ఆగిన చోట లయ మొదలవడం అన్ని పల్లెలకూ తెలిసిన విద్యే.

దీనికి ఇంకో ఉపయోగమూ ఉంది. అప్పటి ప్లేటు ఒక్కో వైపు మోగేది మూడు నిమిషాలే. ఆ మూడు నిమిషాల్లో కథ చెప్పాలి, నవ్వించాలి, చిందేయించాలి. చరణంలో కథ, మధ్యలో త్యుర్లుత్, మళ్లీ చరణం. విన్నవాడు మాటలు మరిచిపోయినా త్యుర్లుత్ మాత్రం నాలుక మీదే ఉండిపోతుంది. బాణీల కోసం ఆవిడ దూరం వెళ్లలేదు. చిన్నప్పుడు విన్న ఐరిష్ రీళ్లు, పల్లె పాటలు, వీధిలో మోగే అమెరికన్ పాటల నడకలు తీసుకుని వాటికి తన మాటలు తొడిగింది. ఇంటి పని చేసుకుంటూ నోట్లో ఆడించుకుని, కాగితం మీద మాటలు గీసుకుని, స్టూడియోకు వెళ్లి పాడేసేది. పెద్ద కూతురు డెనీజ్ పియానో నేర్చుకుని తల్లి పక్కన కూర్చుంది. 1930లో అయితే దాదాపు నెలనెలా కొత్త ప్లేటు వచ్చింది.

పాటే పత్రిక

1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్ కుప్పకూలింది. కెనడా కూడా దానితో పాటే కుంగింది. 1933 నాటికి దేశంలో పనిచేసే ప్రతి నలుగురిలో ఒకరికి పైగా ఉద్యోగం లేదు. మాంట్రియల్‌లో ఉచిత గంజి కోసం బారులు తీరిన రోజులు. సరిగ్గా అప్పుడే లా బోల్డ్యూక్ పాట ఊపందుకుంది. చేతిలో పైసా లేనప్పుడు జనం ప్లేట్లు కొనడం ఏమిటని సందేహం రావచ్చు. ఒక ఇంట్లో ప్లేటు ఉంటే వీధంతా అక్కడే చేరేది మరి.

నిరుత్సాహపడకండి, మంచిరోజులు వస్తాయన్న ధోరణిలో ఆవిడ కట్టిన సా వా వెనీర్ అనే పాట ఆ రోజుల్లో కార్మికులకు ఊతమైంది. పని దొరకని మనిషి మీద పాట కట్టింది. ఇంటికొచ్చి విసిగించే ఇన్సూరెన్స్ ఏజెంట్ మీద కట్టింది. వీధి మూల కిరాణా కొట్టు, బండి మీద సరుకులు అమ్మేవాడు, పోలీసులు, చివరికి సాసేజ్‌ల మీద కూడా పాట ఉంది. 1930 ఆగస్టులో ఆర్-100 అనే పెద్ద ఎయిర్‌షిప్ ఇంగ్లండ్ నుంచి మాంట్రియల్ దగ్గర సెంట్ హ్యుబెర్‌కు వస్తే ఊరంతా చూడటానికి ఎగబడింది. ఆవిడ వెంటనే పాట కట్టింది. 1934 మే 28న ఒంటారియోలో ఒకే కాన్పులో అయిదుగురు ఆడపిల్లలు, డియోన్ కవలలు, పుట్టి బతికితే దాని మీదా పాట. చదువు రానివాళ్లకు ఆ ప్లేట్లే పత్రికలు. మన దగ్గర తుపాను వచ్చినా, ఎవరైనా గొప్పవారు పోయినా, జంగాలూ బుర్రకథ దళాలూ పాట కట్టి ఊరూరా పాడినట్టే. గరిమెళ్ల సత్యనారాయణ గారు తెల్లదొరల మీద పాట కట్టి జైలుకెళ్లింది కూడా ఇంచుమించు ఆ కాలంలోనే, అంతకు కొన్నేళ్ల ముందు.

ప్లేట్లతో పేరు వచ్చింది కానీ కుటుంబం గడవాలంటే ఊళ్లు తిరగక తప్పలేదు. 1932లో సొంత బృందం పెట్టింది. క్యుబెక్ పల్లెలు, ఒంటారియోలో ఫ్రెంచ్ ఊళ్లు, ఉత్తరాన గనుల ఊళ్లు, అమెరికాలో ఫ్రెంచ్ కెనడియన్లు స్థిరపడ్డ మిల్లు పట్నాలు అన్నీ తిరిగింది. ఇంటిని, పిల్లల్ని వదిలి తల్లి ఊళ్లు తిరగడం ఆనాటి సమాజానికి నచ్చే పని కాదు. ఆవిడకూ అది సులువు కాలేదు. భక్తురాలు, సంసారం అంటే ప్రాణం. అయినా బయల్దేరింది. బతుకుతెరువు కోసం పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి విమానం ఎక్కిన తల్లులు ఈ పేజీ చదివేవారిలో ఉంటారు. వాళ్లకు ఆ బరువు నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

మనకు గుచ్చుకునే పాట

ఇప్పుడు కొంచెం చేదు సంగతి. ఆ మాంద్యం రోజుల్లోనే ఆవిడ లువ్రాజ్ ఓ కనాద్యాఁ అనే పాట పాడింది. పని కెనడియన్లకే దక్కాలి, బయటివాళ్లకు కాదు అన్నది దాని సారాంశం. మొదటిసారి అర్థం తెలిసినప్పుడు నాకు చివుక్కుమంది. అంతవరకు మా ఇంటి మనిషిలా అనిపించిన ఆవిడ ఒక్కసారిగా తలుపు దగ్గర నిలబడి మనల్ని ఆపినట్టయింది. ఉద్యోగాలు, ఇళ్ల అద్దెలు అన్నిటికీ వలసవచ్చినవాళ్లే కారణమన్న మాట ఈమధ్య ఇక్కడ మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. అందుకే ఆ పాటను దాటేసి ముందుకు పోవడం నాకు ఇష్టం లేదు.

ఇదే మనిషి 1921లో పని వెతుక్కుంటూ పరాయి దేశం వెళ్లింది. ఆవిడ తండ్రి వంశం ఐర్లండ్ నుంచి వలసవచ్చింది. ఆవిడ బృందాన్ని ఊరూరా నడిపించిన జాన్ గ్రిమాల్డి కోర్సికా దీవిలో పుట్టి కెనడా వచ్చిన మనిషి. ఆ చేయి లేకపోతే ఆ తిరుగుళ్లే లేవు. ఆకలి కాలంలో మనిషి తన వెనక వచ్చినవాణ్ని చూసి భయపడతాడు. తన ముందటివాళ్లు తనను చూసి అలాగే భయపడిన సంగతి మరిచిపోతాడు. లా బోల్డ్యూక్ పేదల గొంతు. పేదల ధైర్యమూ అందులో ఉంది, పేదల భయమూ ఉంది. ఒకటి తీసుకుని రెండోదాన్ని దాచిపెడితే అది ఆవిడ జీవిత కథ కాదు. మనం కూడా కొత్తగా వచ్చే విద్యార్థుల గురించి, తాత్కాలిక పనివాళ్ల గురించి మన ఇళ్ల విందుల్లో మాట్లాడుకునే మాటలు ఒకసారి గుర్తు చేసుకుంటే, ఆ పాట ఒక్క క్యుబెక్‌దే కాదని తెలుస్తుంది.

రోడ్డు మీద విరిగిన పాట

1937 జూన్‌లో రిమూస్కీ దగ్గర బృందం ప్రయాణిస్తున్న కారు ప్రమాదానికి గురైంది. ఆవిడ కాలు విరిగింది, ముక్కు విరిగింది, తలకు బలమైన దెబ్బ తగిలింది. ఆస్పత్రిలో పరీక్షలు చేస్తుంటే ఇంకో పిడుగు పడింది. క్యాన్సర్ ఉందని తేలింది. మాంట్రియల్ తిరిగివచ్చి రేడియం చికిత్స తీసుకుంది. తల దెబ్బ వల్ల జ్ఞాపకశక్తి దెబ్బతింది, మాటలు కుదురుగా నిలిచేవి కావు. కాగితం మీద స్వరాలు రాసుకునే అలవాటు లేని మనిషికి జ్ఞాపకమే గ్రంథాలయం. ఆ గ్రంథాలయమే కాలిపోయినట్టయింది.

అయినా వదల్లేదు. కొంత కోలుకుని 1939లో మళ్లీ స్టూడియోకు వెళ్లి పాడింది. అడపాదడపా వేదిక ఎక్కింది. 1940 డిసెంబరులో చివరిసారి జనం ముందు నిలబడింది. 1941 ఫిబ్రవరి 20న మాంట్రియల్‌లో కన్నుమూసింది. వయసు 46. మౌంట్ రాయల్ కొండ మీద నోత్ర్ దామ్ దె నేజ్ శ్మశానంలో ఆవిడ సమాధి ఉంది. పాడింది పదేళ్లు. ఆ పదేళ్లలో ఎనభైకి పైగా పాటలు రికార్డు చేసింది.

వెక్కిరించిన భాషే నిలబడింది

బతికున్న రోజుల్లో చదువుకున్న పెద్దలు ఆవిడను చిన్నచూపు చూశారు. అది పాట కాదన్నారు, ఆ ఫ్రెంచ్ ఫ్రెంచే కాదన్నారు. ఆవిడ పాడింది గాస్పే జాలర్ల యాస, మాంట్రియల్ మిల్లు పేటల మాట. మధ్యమధ్య ఇంగ్లిష్ పదాలు. రేడియోలో పారిస్ ఉచ్చారణతో పాడేవాళ్లకే మర్యాద దక్కేది. మన దగ్గర గ్రాంథికం రాయనివాడు పండితుడు కాడన్న రోజులు, గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన రోజులు గుర్తుకొస్తాయి. ఆయన పోయింది 1940 జనవరిలో, ఆవిడ పోయింది మరుసటి ఏడాది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇద్దరూ ఒకే మాటకు కట్టుబడ్డారు. ఇంట్లో మాట్లాడే భాషకు సిగ్గుపడక్కర్లేదని.

1960లలో క్యుబెక్ మారింది. మిషెల్ త్రాంబ్లే 1968లో మాంట్రియల్ వంటింటి ఆడవాళ్ల యాసలోనే నాటకం రాసి వేదికకెక్కించాడు. అప్పుడు జనానికి లా బోల్డ్యూక్ మళ్లీ గుర్తొచ్చింది. ఈ పని ఆవిడ నలభై ఏళ్ల క్రితమే చేసింది కదా అనుకున్నారు. 1972లో ఆంద్రే గాన్యోన్ అనే సంగీతకారుడు ఆవిడ బాణీలను వాద్యబృందం కోసం శాస్త్రీయ పద్ధతిలో మలిచాడు. 1994లో నూరేళ్ల సందర్భంగా కెనడా పోస్ట్ ఆవిడ బొమ్మతో తపాలా బిళ్ల వేసింది. 2018లో ఆవిడ జీవితం మీద సినిమా వచ్చింది. పుట్టిన న్యూపోర్ట్‌లో ఆవిడ పేరిట మ్యూజియం ఉంది. ఎవరి ఉచ్చారణ గొప్పదని అప్పట్లో అనుకున్నారో వాళ్ల పేర్లు ఇవాళ ఎవరూ తలవడం లేదు.

క్యుబెక్‌లో ఉండే మన పిల్లలు 1977 నాటి భాషా చట్టం వల్ల ఎక్కువగా ఫ్రెంచ్ బళ్లలోనే చదువుతున్నారు. బడిలో ఫ్రెంచ్, ఆటల్లో ఇంగ్లిష్, ఇంట్లో తెలుగు. ఆ తెలుగులోకి మిగతా రెండూ వచ్చి పడుతుంటాయి. అది విని మనం చిరాకుపడతాం, లేదా ఇక రాదులే అని వదిలేస్తాం. రెండు భాషల ఇంట్లో పుట్టి, కలగాపులగం మాటతోనే ఒక జాతి గుండెను పట్టుకున్న ఈ ఇల్లాలి కథ మనకు కొంత నిబ్బరం ఇస్తుందని నా నమ్మకం. భాష బతికేది తప్పుల్లేకుండా మాట్లాడినందువల్ల మాత్రమే కాదు. దాంట్లో నవ్వుకున్నప్పుడు, పోట్లాడుకున్నప్పుడు, పాడుకున్నప్పుడు బతుకుతుంది.

మన ఇళ్లలోనూ మేరీ ట్రావర్స్‌లు ఉన్నారు. ఊర్మిళాదేవి నిద్ర మొత్తం నోటికి వచ్చిన అమ్మమ్మలు, నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు ఎన్నో తెలిసిన నాయనమ్మలు వేసవికి వీసా మీద వచ్చి ఆరు నెలలు మన సోఫాల్లో కూర్చుని వెళ్తుంటారు. వాళ్లకూ స్వరలిపి రాదు. వాళ్లకూ జ్ఞాపకమే గ్రంథాలయం. లా బోల్డ్యూక్ అదృష్టం కొద్దీ ఒక ప్లేట్ల కంపెనీ ఊరి పక్కనే ఉంది. మన చేతిలో ఫోనే ఉంది. ఈసారి అమ్మమ్మ వచ్చినప్పుడు ఒక పాట అడగండి. పక్కన మనవరాల్ని కూర్చోబెట్టండి. పిల్లకు మాటలు అర్థం కాకపోయినా ఫరవాలేదు. లయ ముందు పట్టుబడుతుంది, మాటలు దాని వెనక వస్తాయి.